ఆ కుక్క గొంతులో బొక్క లేదు

కొత్తగా పశువైద్యంలోకి వచ్చిన పిల్లలు మా ఇంటికి వస్తే, నేను నయం చేసిన పెద్ద పెద్ద కేసుల గురించి చెప్పమంటారు. చెబుతాను. గేదె కడుపులో అడ్డం తిరిగిన దూడల్ని బయటికి లాగిన కథలు నాకూ బోలెడున్నాయి. అవన్నీ అయ్యాక, నేను ఘోరంగా తప్పిన ఒక కేసు గురించి కూడా చెబుతాను. ముప్పై ఏళ్లు దాటిన ఉద్యోగంలో అన్నిటికన్నా నాకు గర్వంగా అనిపించేది ఆ కేసే. తప్పినదానికి గర్వమేమిటని అడుగుతారు. అందుకే మొదటి నుంచి చెప్పాలి.

అది 2011. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. ఏ రోజు బస్సులు తిరుగుతాయో, ఏ రోజు తిరగవో పొద్దున లేచి టీవీ చూస్తే గానీ తెలిసేది కాదు. మా కాలేజీ ఊరి చివర ఉండేది కాబట్టి, పట్నంలో కుక్కల్నీ పిల్లుల్నీ చూడటం విద్యార్థులకు అలవాటు కావాలని నారాయణగూడ గల్లీలో ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకుని చిన్న క్లినిక్ నడిపేవాళ్లం. దానికి నేనే ఇన్‌చార్జిని. చదువు చివరికొచ్చిన పిల్లలు ఎనిమిది మంది చొప్పున నెలకో జట్టు నా దగ్గరికి వచ్చేవారు. నాది చిక్కడపల్లి. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. పొద్దున చౌరస్తాలో ఇరానీ హోటల్ షట్టర్ ఎత్తే వేళకు నడుచుకుంటూ క్లినిక్‌కు చేరేదాన్ని.

నేను మంచి టీచర్నని నాకు గట్టి నమ్మకం. పుస్తకం తెరవనిచ్చేదాన్ని కాదు. "చెయ్యి పెట్టి చూడు, చెవి పెట్టి విను" అనేదాన్ని. నోట్లో ఏదైనా ఇరుక్కుంటే చేతికి తొడుగు లేకుండానే వేళ్లు పెట్టేదాన్ని. "తొడుగు వేస్తే వేళ్ల కళ్లు మూసినట్టే" అని ఒక మాట కూడా తయారు చేసుకున్నాను. పిల్లలు దాన్ని నోట్‌బుక్కుల్లో రాసుకునేవారు.

మా కాలేజీలో ప్రజారోగ్యం చెప్పే ప్రొఫెసర్ ఒకాయన ఉండేవారు. సన్నగా, నెమ్మదిగా, ఎప్పుడూ పాత స్కూటర్ మీద వచ్చే మనిషి. జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులే ఆయన పాఠం. మేం, అంటే కత్తీ సూదీ పట్టే డాక్టర్లం, ఆయన విభాగాన్ని కొంచెం చిన్నచూపు చూసేవాళ్లం. లెక్కలు రాసుకునే డాక్టర్లు అని నవ్వుకునేవాళ్లం. రెండేళ్ల నుంచి ఆయన నన్ను ఒకటే అడుగుతున్నారు. "మేడమ్, మీ క్లినిక్‌లోకి వచ్చే పిల్లలకు రేబీస్ టీకాలు ముందే ఇప్పిద్దాం. ఇన్‌చార్జి మీరు కాబట్టి లెటర్ మీ దగ్గర్నుంచే రావాలి." రేపు రాస్తా సార్, ఎల్లుండి రాస్తా సార్ అంటూ వచ్చాను. ఆయన ఇచ్చిన నమూనా కాగితం నా టేబుల్ సొరుగులో ఉండిపోయింది. మరిచిపోయి కాదు. అంత అవసరమని నేను అనుకోలేదు, అంతే.

ఒక సోమవారం పొద్దున అశోక్‌నగర్ నుంచి ఒకాయన ఆటోలో ఒక కుక్కను తెచ్చాడు. అక్కడ కడుతున్న అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పాలమూరు జిల్లా నుంచి పనికి వచ్చిన మనిషి. గోధుమ రంగు కుక్క. గోనెసంచిలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. కుక్క కింది దవడ వేలాడిపోయి ఉంది. చొంగ తీగలా కారుతోంది.

"గొంతుల బొక్క ఇర్కింది మేడమ్," అన్నాడు. "ఆదివారం ఆ రూముల పిల్లలు కోడిబొక్కలు ఏసిండ్రు. అప్పటిసంది నోరు మూస్తలేదు. నీళ్లు గూడ తాగుతలేదు."

రూముల పిల్లలంటే ఆ పక్క బిల్డింగులో అద్దెకుంటూ ఉద్యోగ పరీక్షలకు చదివే కుర్రాళ్లు. అశోక్‌నగర్ నిండా వాళ్లే.

అలాంటి బొక్కలు, అంటే ఎముకలు, నేను ఎన్ని తీశానో లెక్కలేదు. ఎనిమిది మందినీ టేబుల్ చుట్టూ నిలబెట్టాను. ఒక పొడుగు అబ్బాయిని దవడ పట్టుకోమన్నాను, మరో ఇద్దర్ని కాళ్లు. టార్చ్ వేయించి, నా కుడి చెయ్యి మణికట్టు దాకా ఆ కుక్క నోట్లో పెట్టాను. వట్టి చెయ్యే.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి గొంతు వినిపించింది. "మేడమ్, ఇది మొరిగితే గొంతు మారిందేమో అడగచ్చా?"

ఆ అమ్మాయిది కూడా పాలమూరు వైపే. ఎక్కువ మాట్లాడేది కాదు. ఎప్పుడూ ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని అందరికన్నా వెనక నిలబడేది. ప్రజారోగ్యం సారు క్లాసులో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల అని మాత్రం నాకు తెలుసు.

"ముందు గొంతులో ఏమున్నదో చూడనియ్యమ్మా. గొంతు సంగతి తర్వాత అడుగుదువు," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి తల దించుకుంది.

వేళ్లకు ఏమీ తగల్లేదు. బొక్క కిందికి జారిపోయి ఉంటుందని, లాగి లాగి దవడ కండరాలు అలిసిపోయి ఉంటాయని చెప్పాను. నొప్పికి ఒక ఇంజెక్షన్ చేసి, నరానికి సెలైన్ పెట్టి, రెండు రోజులాగి తీసుకురమ్మని పంపేశాను. చొంగ నా మోచేతి దాకా కారింది. పంపు కింద ఊరికే తడిపి, తువ్వాలుతో తుడుచుకున్నాను.

మధ్యాహ్నం డబ్బా విప్పి అన్నం కలుపుతున్నాను. ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడింది.

"ఏందమ్మా?"

"మేడమ్, పొద్దున వాచ్‌మన్ వెనక గేటు దాకా పోయిన. మీరు వద్దన్నరని కాదు... అడుగుదామనిపించింది."

నోట్‌బుక్ నా ముందు పెట్టింది. చిన్న చిన్న అక్షరాలు. నాలుగు రోజుల నుంచి కుక్క మొరగడం లేదు, బొంగురుగా ఊళ పెడుతోంది. వెలుతురులోకి రావడం లేదు, మెట్ల కింద దాక్కుంటోంది. సిమెంటు సంచి ముక్కలు నమిలింది. వెనక కాళ్లు తడబడుతున్నాయి. కోడిబొక్కలు వేసింది ఆదివారం. గొంతు మారింది అంతకు ముందే.

కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. దాన్ని డబ్బాలో వదిలేశాను.

మీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. రేబీస్ వచ్చిన, అంటే పిచ్చి పట్టిన కుక్కలన్నీ వెంటపడి కరవవు. కొన్నిటికి గొంతు మారుతుంది, పక్షవాతం వచ్చినట్టు దవడ జారిపోతుంది. చూసినవాళ్లంతా బొక్క ఇరుక్కుందనుకుని పాపం చెయ్యి పెడతారు. ఈ సంగతి ఇరవై ఏళ్లుగా తరగతిలో నేనే చెబుతున్నాను. పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాను. రాయనివాళ్లకు మార్కులు కోశాను. ఆ రోజు ఆ కుక్క నా ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడితే నాకే కనబడలేదు.

"కూర్చో," అన్నాను.

మొదట సబ్బు. ఎనిమిది మందినీ పిలిచి పంపు దగ్గర వరసగా నిలబెట్టి, పావుగంట సేపు చేతులు కడిగించాను. నేనూ కడుక్కున్నాను. పొడుగు అబ్బాయి వేలి పక్కన గోటి గీత ఒకటి ఉంది. "ఇది పాతదే మేడమ్" అని రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోయి ఆగిపోయాడు. వాడి మొహం చూస్తే సొరుగులోని కాగితం గుర్తొచ్చింది. ఈ పిల్లల్లో ఒక్కరికీ ముందస్తు టీకా లేదు. అది ఎవరి తప్పో అక్కడ నాకొక్కదానికే తెలుసు.

ప్రజారోగ్యం సారుకు ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. "నేను ముందే చెప్పాను కదా" అంటారేమోనని చూశాను. ఆ మాట ఆయన ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు.

"కుక్కను ఇంటికి పంపిన్రా?"

"పంపిన సార్."

"ముందు దాన్ని వెనక్కి తెప్పియ్యండి. నేను బయలుదేరుతున్న."

ఆ అమ్మాయినీ, మా పాత అటెండర్నీ వెంటబెట్టుకుని అశోక్‌నగర్ వెళ్లాను. అటెండర్ కుక్కల్ని పట్టే ఉచ్చుకర్ర ఆటోలోంచి బయటికి పొడుచుకొచ్చేలా పట్టుకున్నాడు. మెట్ల కింద సంచిలో పడుకుని ఉంది కుక్క. మమ్మల్ని చూసి వాచ్‌మన్ సంబరపడ్డాడు.

"మల్ల మీరే వచ్చిన్రా మేడమ్! బొక్క దొరికిందా?"

"బొక్క లేదన్నా," అన్నాను. "నేనే తప్పు చూసిన. ఇది పిచ్చికుక్క జబ్బు లెక్క కనవడుతున్నది. దీన్ని తీస్కపోవాలె. నువ్వూ, నీ ఇంటివాళ్లూ, దీన్ని ముట్టుకున్నోళ్లు అందరూ సూదులు ఏయించుకోవాలె."

ఆయన నమ్మలేదు. "ఇది ఎవల్ని కరవలేదు మేడమ్. జర చూడుండ్రి, కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటున్నది," అన్నాడు. ఉచ్చు వేస్తున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. క్లినిక్ వెనక విడి గదిలో పెట్టిన కుక్క బుధవారం పొద్దున చచ్చిపోయింది. తల ల్యాబుకు పంపాం. జబ్బు అదేనని గురువారం కబురొచ్చింది.

కబురు కోసం మేం ఆగలేదు లెండి. మంగళవారం పొద్దునే నేను, పిల్లలు, వాచ్‌మన్ కుటుంబం సర్కారు దవాఖాన వరసలో నిలబడి మొదటి సూది వేయించుకున్నాం. నెల రోజుల్లో మొత్తం ఐదు సూదులు. సారు ఒక పొడవాటి రిజిస్టరు తెచ్చారు. పేజీకి నాలుగు గళ్లు గీశారు. ఎవరు, ఎప్పుడు ఎక్కడ అంటుకుంది, సబ్బుతో కడిగారా, మొదటి సూది పడిందా. అంతే.

"కుక్క ఒకటే మేడమ్," అన్నారు, పిల్లలు వినేటట్టు. "కేసు మాత్రం పోయిన పది రోజుల్ల దాని చొంగ తగిలినోళ్లందరిదీ. వాళ్లు మన దగ్గరికి రారు. మనమే పోవాలె."

పిల్లలు ఇద్దరిద్దరుగా విడిపోయారు. అశోక్‌నగర్ రూముల్లో బొక్కలు వేసిన కుర్రాళ్లు కొందరు చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకుంటున్నారని తెలిసి అక్కడికి పరిగెత్తారు. పొడుగు అబ్బాయి టేబుల్ టేబుల్‌కు వంగి, చెవిలో చెప్పినట్టు, "అన్నా, మీ గల్లీల గోధుమ రంగు కుక్కకు ఎప్పుడన్న చేత్తోని తినిపించినవా?" అని అడిగాడట. ఒకతను కంగారుగా లేచి నిలబడి, పరీక్ష పదిహేను రోజుల్లోకి వచ్చిందని, సూది వేస్తే జ్వరం వస్తుందేమోనని బతిమాలాడట. వీడు తన జబ్బ చూపించి, "నిన్న నాకు పడ్డది. ఇయ్యాల నీతోని మాట్లాడుతున్న గదా?" అని ఒప్పించాడు. మంగళ, బుధవారాలు అయ్యేసరికి ముప్పై నలుగురి పేర్లు ఎక్కాయి. నాలుగో గడి దాదాపు నిండింది.

బుధవారం సాయంత్రం ఆ అమ్మాయి రిజిస్టరుతో వచ్చి, "ఒక పేరు తక్కువున్నది మేడమ్," అంది.

అపార్ట్‌మెంట్ దగ్గర నల్లా కాడ నీళ్లు పట్టుకునే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడుతుంటే, ఒకామె, "వాచ్‌మన్ తమ్ముని పెండ్లాం పేరు రాసుకోలేదా? ఆమె చేతికే గదా కుక్క పండ్లు దిగినయ్?" అందట. ఆదివారం బొక్క తీద్దామని ఆమె కుక్క నోట్లో చెయ్యి పెట్టింది. అరచేతి మీద పళ్లు దిగాయి. పసుపూ కారం అద్ది గుడ్డ కట్టారు. ఆమె ఏడు నెలల గర్భిణి. పేర్లు రాసుకునేటప్పుడు వాచ్‌మన్ ఆ సంగతి దాచాడు. సోమవారమే మొగుడూ పెళ్లామూ అత్తతో సహా రాంనగర్‌లో వేరే పనికి వెళ్లిపోయారు.

మర్నాడు గురువారం బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. పొద్దునే ల్యాబు నుంచి కబురు వచ్చింది. హాస్టల్ నుంచి పిల్లలు వచ్చే దారి లేదు కదా అనుకుంటూ క్లినిక్‌కు వెళ్లాను. ఆ అమ్మాయీ పొడుగు అబ్బాయీ గేటు ముందు నిలబడి ఉన్నారు. ముందు రోజు రాత్రి హాస్టల్‌కు పోకుండా నారాయణగూడలో ఎవరో చుట్టాలింట్లో ఉన్నారట.

"బంద్ మంచిదే మేడమ్," అంది ఆ అమ్మాయి. "ఇయ్యాల పని ఉండదు. అందరూ గుడిసెల కాడనే ఉంటరు."

ముగ్గురం నడిచాం. చిక్కడపల్లి దాటి క్రాస్ రోడ్స్ చేరేసరికి నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నినాదాల మధ్య ఎవరో మా చేతుల్లో ఉప్మా పొట్లాలు పెట్టారు. తింటూ నడిచాం.

రాంనగర్‌లో ఆ బిల్డింగ్ సగం లేచి ఉంది. రేకుల గుడిసె ముందు ఆమె చేటలో బియ్యం చెరుగుతోంది. ఎడమ చేతికి పసుపు గుడ్డ. పక్కన అత్త. మొగుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మమ్మల్ని చూడగానే ఎందుకొచ్చామో వాళ్లకు అర్థమైంది. వాచ్‌మన్ ముందే కబురు పెట్టి ఉంటాడు.

"సూదులు వద్దు," అంది అత్త, మేం నోరు తెరవకముందే. "మా ఊళ్లె ఒకనికి బొడ్డు సుట్టు పద్నాలుగు పొడిచిండ్రు. ఈమె కడుపుల బిడ్డ ఉన్నది. బొడ్డు కాడ పొడిస్తే ఏం కావాలె?"

నేను మొదలుపెట్టాను. క్రిమి నరాల వెంట మెదడుకు ఎలా పాకుతుందో, లక్షణాలు కనబడ్డాక ఏ మందూ ఎందుకు పనిచేయదో, టీకా గర్భిణికి ఎందుకు ప్రమాదం కాదో. ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పాను. రేడియోలో వార్తలు విన్నట్టు విన్నారు. నేను ఆపగానే ఆమె మళ్లీ చేట ఎత్తింది.

ఆ అమ్మాయి వెళ్లి ఇసుక కుప్ప మీద ఆమె పక్కన కూర్చుంది. నోట్‌బుక్ సంచిలో పెట్టేసింది.

"మీది ఏ ఊరక్కా?"

"నారాయణపేట దిక్కు."

"మాది మక్తల్ కాడ. గీ కాన్పు మొదటిదా?"

"మొదటిదే." చేట ఆగింది.

"కుక్క నోట్ల చెయ్యి ఎందుకు పెట్టినవక్కా?"

"పాపం బొక్క ఇర్కింది గదా. మా బావ బాధపడుతుండె. నా చెయ్యి సన్నగున్నది, నేను తీస్త అన్న." గుడ్డ కట్టిన చెయ్యి చూసుకుని, "బొక్క లేకుండె," అంది.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మేడమ్, మీ చెయ్యి సంగతి అక్కకు చెప్పుండ్రి."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. ఆమె నా విద్యార్థి. పక్కన ఇంకో విద్యార్థి. చుట్టూ చేరిన కూలీలు పదిహేను మంది. నేను చేసిన తెలివితక్కువ పని వీళ్లందరి ముందూ చెప్పమంటోంది. తర్వాత ఆ చేతికున్న పసుపు గుడ్డ చూశాను. చీర సర్దుకుని నేనూ ఇసుక మీద కూర్చున్నాను.

"నేను గూడ పెట్టినమ్మా," అన్నాను. "గదే కుక్క నోట్లె. మోచేతి దాక చొంగ అయ్యింది. ముప్పై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న, అయినా బొక్కనే అనుకున్న. ఈ పిల్ల అనుమానపడి అడిగితే నవ్విన. నవ్వింది నా తప్పు. ఈ పిల్లగాండ్లతోని గూడ ఆ కుక్కను పట్టించిన. అది గూడ నా తప్పే."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "మీరు డాక్టరమ్మ గదా?"

"అవును."

"డాక్టరమ్మ ఉండి మీరు గూడ పెట్టిన్రా?" అని ఒక్కసారిగా నవ్వింది. వెనక కూలీలు కూడా నవ్వారు. మొగుడు మొహం కొంచెం తేలికపడింది. అత్త మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి జరిగి, "మరి మీకు యాడ పొడిచిండ్రు?" అంది.

రవిక చెయ్యి పైకి మడిచి చూపించాను. అత్త వేలితో నొక్కి చూసింది.

"జబ్బకేనా?"

"జబ్బకే. ఐదు. బొడ్డు సూదులు ఎప్పుడో పోయినయ్. ఈమెకు పండ్లు దిగినయ్ కాబట్టి, గాయం కాడ గూడ ఒక మందు ఏస్తరు. జర నొస్తది. అబద్ధమెందుకు?"

"బిడ్డకు?"

"బిడ్డకు ఏం గాదు. ఏయించుకోకుంటెనే ఇద్దరికీ కష్టం."

ముసలామె చాలాసేపు కోడలి పొట్ట వైపు చూసింది. తర్వాత లేచి, గుడిసెలోంచి చెప్పులు తెచ్చి కోడలి కాళ్ల ముందు పెట్టింది. అదే ఆమె జవాబు.

ముందు ఆ పసుపు గుడ్డ విప్పించి, పొడుగు అబ్బాయి బకెట్‌తో నీళ్లు పోస్తుంటే, ఆ అమ్మాయి గాయాన్ని సబ్బుతో కడిగింది. ఐదు నిమిషాలకే ఆపబోతే, "పావుగంట అన్నరు గదా, గడియారం చూడు," అని మొగుడే గద్దించాడు.

ఇక ఏడు నెలల గర్భిణిని ఎలా తీసుకెళ్లాలి? సారుకు ఫోన్ చేశాను. ఆయన స్కూటర్ మీద బయలుదేరారు కానీ క్రాస్ రోడ్స్ దగ్గర బంద్ వాళ్లు ఆపేశారట. సంగతి చెప్పగానే, వాళ్లే దారి ఇచ్చి, మళ్లీ ఎవరూ ఆపకుండా స్కూటర్ ముందు ఒక జెండా కట్టి పంపారు. జీవితంలో ఏ ఊరేగింపులోనూ కనబడని మా సారు, జెండా రెపరెపలాడించుకుంటూ రాంనగర్ సందులోకి వచ్చారు. ఆ రోజంతా నేను నవ్వింది అప్పుడొక్కసారే. ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, గుంతలు చూసుకుంటూ, నడక వేగంతో పోనిచ్చారు. ఆ వెనక మొగుడు, అత్త, మేం ముగ్గురం నడిచాం. మధ్యలో రెండు చోట్ల జనం మమ్మల్ని చూసి నినాదాలు చేశారు. మేమూ ఏదో ర్యాలీ అనుకుని ఉంటారు.

మధ్యాహ్నానికి మొదటి సూది పడింది. గాయం చుట్టూ మందు వేసేటప్పుడు ఆమె పట్టుకున్నది ఆ అమ్మాయి చెయ్యి.

ఆ తర్వాత సంగతులు త్వరగా చెబుతాను. జరిగిందంతా నా చేతి రాతతో కాలేజీకి రాసిచ్చాను. సొరుగులోని కాగితం సంగతి కూడా రాశాను. ఒక సంజాయిషీ నోటీసు, కొన్ని చీవాట్లు పడ్డాయి. పడాల్సినవే. ఆ నెలలోనే లెటర్ కదిలింది. తర్వాత టీకా పడని విద్యార్థి మా క్లినిక్ గడప దాటలేదు. సారూ నేనూ కలిసి క్లాసు చెప్పడం మొదలుపెట్టాం. కుక్కను నేను చూపించేదాన్ని, కుక్క వెనకున్న మనుషుల గురించి ఆయన అడిగించేవారు. మూడేళ్ల తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ క్లాసు నడిచింది. తొడుగుల మీద నా మాటను రాసుకున్న పాత విద్యార్థులకు, నంబరు దొరికినవాళ్లందరికీ ఫోన్ చేసి కొట్టేయమన్నాను. జాబితాలో ముప్పై ఐదుగురు, మా క్లినిక్ వాళ్లం తొమ్మిదిమంది. అందరం ఐదు సూదులూ పూర్తి చేశాం. అందరం బతికే ఉన్నాం. రాంనగర్ ఆమెకు ఆడపిల్ల పుట్టిందని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. వెనక వరసలో నిలబడిన అమ్మాయి ఇప్పుడు ఒక మండలంలో పశువైద్యురాలు. అక్కడి స్కూళ్లకు వెళ్లి కుక్కకాటు గురించి పిల్లలకు చెబుతుందట. ఎంతోమంది నా చేతుల మీదుగా డాక్టర్లయ్యారు. ఎవరైనా అడిగితే ముందు ఆమె గురించే చెబుతాను.

రాంనగర్ ఆమెకు ఐదో సూది పడే రోజు మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. మా సూదులు రెండు రోజుల ముందే అయిపోయాయి. అయినా ఆమె వస్తుందో రాదోనని ఆ అమ్మాయీ నేనూ రిజిస్టరు పట్టుకుని దవాఖానకు వెళ్లాం. మేం వెళ్లేసరికే ఆమె వరసలో ఉంది. పక్కన ఒక మేస్త్రీ. కాలికి తడి ఆరని గాయం. పొద్దున పనికొస్తుంటే వీధికుక్క కరిచిందట. పసుపు పెడతానంటే ఈమె పెట్టనివ్వలేదు. నల్లా కింద కూర్చోబెట్టి సబ్బుతో కడిగించి, వెంటబెట్టుకుని వచ్చింది.

"బొడ్డు కాడ గాదన్నా, జబ్బకే," అని అతనికి చెబుతోంది. "మా డాక్టరమ్మ గూడ ఏసుకున్నది."

ఆ అమ్మాయి రిజిస్టరు తెరిచి, "పేరు చెప్పన్నా," అంది.

అతను నోరు తెరిచేలోపే ఈమె అందుకుంది. పేరు, ఊరు చెప్పింది. పొద్దున ఏడింటికి, రాంనగర్ చేపల మార్కెట్ మలుపు కాడ అని చెప్పింది. సబ్బుతో పావుగంట, గడియారం పెట్టి అని చెప్పింది. గడి తర్వాత గడి, సారు గీసిన వరసలోనే.

ఆ అమ్మాయి పెన్ను నాలుగో గడిలోకి వెళ్లింది. ఆమె చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు, గది ఇప్పుడే రాయకు. సూది పడ్డంక రాయి."